ఇస్టేషను నుంచి స్టేషన్ దాకా

కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగిన వాళ్లకు ఇంగ్లీషు ఎన్నడూ ఒక్క తీరుగా వినిపించలేదు. ఢిల్లీ వైపు నుంచి బల్లార్షా మీదుగా వచ్చే లైనూ, సికింద్రాబాద్ నుంచి వచ్చే లైనూ అక్కడ కలిసి విజయవాడ వైపు సాగిపోతాయి. ఆ లైన్ల వెంట ఉద్యోగాలకు వచ్చిన వాళ్లలో తమిళులు, మలయాళీలు, నాగపూర్ వైపు మరాఠీలు, కొద్దిమంది బెంగాలీలు ఉండేవారు. స్టీము ఇంజన్లను నడిపిన ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల కుటుంబాలు కూడా కొన్ని మిగిలి ఉండేవి. ఇంటి ముందు నల్లా దగ్గర ఆడవాళ్లు విరిగిన హిందీలో మాట్లాడుకునేవారు గానీ, మగవాళ్లు డ్యూటీ మాటలకు వచ్చేసరికి ఇంగ్లీషులోకి దిగేవారు. మాకు ఇంగ్లీషులో ఒక్క వాక్యం కూర్చడం రాని వయసులోనే, ఎవరైనా ఆ భాషలో నాలుగు మాటలు మాట్లాడితే అతని ఊరు ఏ దిక్కున ఉందో చెప్పగలిగే చెవి మాత్రం పట్టుబడింది.

అసలు మా ఊరి పేరుకే ఒక యాస ఉంది. ఉర్దూ చదివిన వాళ్లు గొంతు లోపలి నుంచి పలకవలసిన మొదటి అక్షరాన్ని దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్లు ‘ఖ’ చేస్తారు. అందువల్లనే దుకాణాల బోర్డుల మీద కొన్నిచోట్ల కాజీపేట అనీ, మరికొన్నిచోట్ల ఖాజీపేట అనీ నేటికీ కనిపిస్తుంది. రెండింటిలో ఏది సరైనదన్న తగాదా మా చిన్నతనంలో ఎవరూ పెట్టుకోలేదు.

మా బాపు అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా పనిచేశాడు. నిజాం రైల్వేలో చేరి, అది 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసిన తరువాతా, 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన తరువాతా అవే కుర్చీలలో కూర్చున్న తరం ఆయనది. రాత్రి డ్యూటీకి అన్నం గిన్నె ఇచ్చి రమ్మని అమ్మ పంపినప్పుడు నేను ఆ గదిలో ఒక మూల నిలబడి కంట్రోల్ ఫోను మాటలు వినేవాణ్ణి. అవతలి గొంతు తమిళుడిదైనా, మరాఠీదైనా బాపు తికమక పడేవాడు కాడు. ఎందుకంటే ఆ మాటలకు ఒక కట్టుబాటు ఉండేది. గేటు మూసినట్టు గేట్‌మెన్ భరోసా ఇవ్వాలంటే తన కాగితంలోని ప్రైవేట్ నంబరు, అంటే గుర్తుగా ఇచ్చే రహస్య సంఖ్య చెప్పాలి. అవతలి వాడు దానిని తిరిగి చెప్పి రాసుకోవాలి. అంకెలను విడివిడిగా పలకాలి తప్ప ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ అని కలిపి అనకూడదని బాపు కొత్త పిల్లలకు గట్టిగా చెప్పేవాడు. తొందరలో ఆ రెండూ ఒక్కలాగే వినిపిస్తాయని ఆయన భయం. విమానాల వాళ్లు ‘నైన్’ అనడానికి బదులు ‘నైనర్’ అనీ, ‘ఫైవ్’ అనడానికి బదులు ‘ఫైఫ్’ అనీ అంటారని చాలా ఏళ్ల తరువాత చదివినప్పుడు నాకు ఆ గదే గుర్తొచ్చింది. ప్రాణాల మీదికి వచ్చే చోట ఎవరూ ఎవరి యాసనూ దిద్దాలని చూడరు. ఏ యాసలో పలికినా పొరబడని మాటను ఎంచుకుంటారు.

అయితే మా ఇంట్లోకి ఇంగ్లీషు మొదట వచ్చింది రైలు పట్టాల మీదుగా కాదు, ఉర్దూ గుమ్మం గుండా. ఈ సంగతి మా ప్రాంతం బయటి వాళ్లకు తెలియదనే నా అనుమానం. మా తాత నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నవాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ బోధనా భాషగా మొదలైన రాజ్యంలో, కింది బడులలోనూ సర్కారు కచేరీలలోనూ అదే భాష నడిచేది. కాబట్టి ఇంగ్లీషు మాట ఏదైనా తాత నోటికి వచ్చేలోపే ఉర్దూ బట్ట కట్టుకునేది. నీళ్లు తాగేది గిలాస, రాత్రి వెలిగించేది లాల్టెను, బాండు రాసేది ఇస్టాంపు కాగితం మీద, బండి ఎక్కేది ఇస్టేషనులో, మేము పోయేది ఇస్కూలుకు. ఇంగ్లీషు చదువుకున్న మా మేనమామ ఒకసారి, ‘అది స్టేషన్, ముందర ఇ లేదు’ అని తాతను దిద్దబోయాడు. తాత ఏమీ అనకుండా పలక తెప్పించి ఉర్దూలో ఆ మాట రాసి చూపించాడు. ఉర్దూ లిపిలో ఆ మాట నిజంగానే అలిఫ్‌తో మొదలవుతుంది. స్కూలు కూడా అంతే. హల్లుల జంటతో మాట మొదలుకావడం ఆ భాషకు నచ్చదు గనుక ముందొక అచ్చును నిలబెట్టి మర్యాదగా లోపలికి పిలుస్తుంది. తాత తన పుస్తకంలో ఎలా ఉందో అలాగే చదువుతున్నాడు.

ఆ ఉర్దూ వల్ల నష్టంతో పాటు లాభమూ ఉండేది. జమీన్, అర్జీ, జబర్దస్తీ అనేటప్పుడు పళ్ల మధ్య నుంచి గాలి వణుకుతూ వచ్చే ‘జ’ ఒకటుంది. ఫకీరు, ఫర్మానా, ఫసలీ అనేటప్పుడు కింది పెదవికి పళ్లు తాకి వచ్చే ‘ఫ’ ఒకటుంది. తెలుగు అక్షరాలు ఈ రెండింటికీ వేరే గుర్తులు పెట్టలేదు. తాతకు మాత్రం అవి చిన్నప్పటి ధ్వనులు. అందువల్ల ఒక్క ఇంగ్లీషు పుస్తకమూ చదవని ఆ మనిషి జీరో, జిప్పు, ఆఫీసు, ఫోను అన్నప్పుడు, ఆ మాటలు లండన్‌లో పలికే తీరుకు ఎంతో దగ్గరగా ఉండేవి. మా వీధిలో ఉర్దూ ఇళ్లు ఎక్కువ కావడంతో పిల్లలమైన మాకూ అవి చెవులకు అలవాటయ్యాయి.

బడిలో మాకు ఇంగ్లీషు చెప్పిన సారు కోస్తా జిల్లాల నుంచి వచ్చినవారు. పోలీసు చర్య తరువాత మా వైపు ఉర్దూ చదివిన వాళ్లే ఎక్కువగా ఉండడంతో ఇంగ్లీషు చెప్పడానికి బయటి నుంచి ఉపాధ్యాయులు వచ్చారు. స్థానికులకు రావలసిన ఉద్యోగాలు బయటివారికి పోతున్నాయన్న ఆగ్రహం 1952లో మొదట రగిలింది కూడా మా వరంగల్‌లోనే. ఆ రాజకీయం మా తరగతి గదిలోకి రాలేదు గానీ, రెండు ఉచ్చారణల మధ్య చిన్న పోటీ మాత్రం వచ్చింది. సారు వ్యాకరణంలో దిట్ట. ఆయన చెప్పిన వాక్య నిర్మాణం నేను జీవితాంతం అమ్ముకుని బతికాను. కానీ ఆయన ‘జూ’ అన్నప్పుడు అందులోని ‘జ’ జున్నులోని జ లాగా పలికేది. వెనుక బెంచీలో కూర్చునే మా ముస్లిం మిత్రుడు అదే మాటను తేలికగా, గాలితో పలికేవాడు. మార్కులలో ఎప్పుడూ చివర ఉండే ఆ పిల్లవాడు ఆ ఒక్క ధ్వనిలో తరగతికంతా మొదటివాడని అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

సారుది ఒక పద్ధతి. ఆయన ఒక వాక్యం చదివితే మేమంతా ఒక్క గొంతుతో దానిని తిరిగి చదవాలి. అరవై గొంతులు కలిసి చదివినప్పుడు ఇంగ్లీషు వాక్యం పద్యంలా నడిచేది, ప్రతి మాటా అచ్చుతో ముగిసేది. తెలుగు నోరు ఇంగ్లీషు మాటను ఊరికే మింగదు, దానికి ఒక వ్యాకరణం ఉంది. మాటలోని అచ్చు పొట్టిదైతే చివరి హల్లును ఒత్తి ఉకారం చేరుస్తుంది. అందుకే బస్సు, పెన్ను, కప్పు, పిన్ను. అచ్చు పొడుగుదైతే ఒత్తకుండానే ఉకారం చేరుస్తుంది. అందుకే గేటు, కోటు, కేసు, ఫోను. చివర చ, జ వంటి ధ్వని ఉంటే ఉకారం కాక ఇకారం వస్తుంది. అందుకే బెంచి, వాచి, జడ్జి, కాలేజి. రోడ్డు లాంటి మొండి మాటలు కొన్ని ఈ లెక్కకు లొంగవు. అయినా ఏ బడిలోనూ చెప్పని ఈ సూత్రాన్ని కూలికి పోయే మనిషి నుంచి కలెక్టరు దాకా అందరూ తప్పకుండా పాటిస్తారు. రేపు కొత్తగా వచ్చే ఇంగ్లీషు మాటకు కూడా మా ఊరి సంతలో ఇదే మర్యాద దక్కుతుంది.

అక్షరాల పేర్ల దగ్గర మరో సంగతి. యఫ్, యల్, యమ్, యన్, యస్ అని ముందర ఒక యకారం పెట్టి పలకడం తెలుగు వాళ్లకూ తమిళులకూ ఉమ్మడి ఆస్తి. హనుమకొండ చౌరస్తాలోని బట్టల దుకాణాల బోర్డుల మీద, పెళ్లి పత్రికలలోని ఇంటి పేర్ల పక్కన ‘యస్’, ‘యల్’ అని అచ్చయి ఉండడం చూసిన పిల్లలకు అది తప్పని ఎవరు చెబితే నమ్ముతారు? ఇంగ్లండులో ‘ఎయిచ్’ అనే అక్షరాన్ని మేము ‘హెచ్’ అన్నాము. ఆ అక్షరం పలికే ధ్వని దాని పేరులోనే ఉండాలన్నది మా న్యాయం.

మాకు దగ్గరలోని కాన్వెంటు పిల్లల ఇంగ్లీషు ఇంకో రకం. అక్కడ చదువు చెప్పే సిస్టర్లలో చాలామంది కేరళ నుంచి వచ్చినవారు. మలయాళంలో మ వంటి అనునాసికం (ముక్కుతో పలికే ధ్వని) పక్కన పడిన పకారం మెత్తబడి బకారమవుతుంది గనుక వారు ‘సింపుల్’ను ‘సింబుల్’ అనేవారు. వారి దగ్గర చదువుకున్న మడికొండ పిల్ల కూడా ఇంటికి వచ్చి ‘సింబుల్’ అనేది. తల్లి మాట్లాడేది ఓరుగల్లు తెలుగు, బిడ్డ ఇంగ్లీషులో కొట్టాయం గాలి. ఊరంతా దానిని ‘కాన్వెంటు ఇంగ్లీషు’ అని గౌరవించేది, ఫీజు కట్టేది కూడా ఆ ధ్వని కోసమే. మా తెలుగు మీడియం వాళ్లకు అప్పట్లో దానిపై కొంత అసూయ ఉండేదని దాచవలసిన పని లేదు.

ఈ యాసలన్నిటినీ ఒక్క చోట, ఒక్క చాప మీద వినే అదృష్టం మా తమ్ముడి వల్ల కలిగింది. వాడికి వరంగల్ ఆర్ఈసీలో (ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో) సీటు వచ్చింది. 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ కళాశాల, దేశంలోని ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలన్నిటిలో మొదటిది. సగం సీట్లు మన రాష్ట్రం వాళ్లకూ, మిగిలిన సగం ఇతర రాష్ట్రాల వాళ్లకూ కేటాయించడంతో హాస్టలు గదులలో భారతదేశమంతా బట్టలు ఆరేసుకునేది. మా ఇల్లు దగ్గర కావడం వల్ల, ఆదివారాలు మెస్సు తిండి భరించలేని మిత్రులను తమ్ముడు వెంటబెట్టుకుని వచ్చేవాడు. అమ్మ కోడికూర, పచ్చిపులుసు చేసి పెట్టేది. వాళ్లు మాట్లాడుకునేది ఇంగ్లీషులో, గొడవ పడేది ఎవరి ఇంగ్లీషు ఇంగ్లీషన్న దాని మీద.

కలకత్తా పిల్లవాడు ‘వెరీ గుడ్’ అనలేడు. అతని నోట అది ‘భెరీ గుడ్’. బెంగాలీలో మన వకారానికి సమానమైన ధ్వని లేకపోవడంతో పాపం వకారాలన్నీ భకారాలుగా మారిపోయేవి. లూధియానా పిల్లవాడు స్కూలును ‘సకూల్’ అనేవాడు. మా తాత హల్లుల జంటకు ముందు అచ్చు పెడితే, ఈ పంజాబీ వాడు మధ్యలో పెట్టి జంటను విడదీశాడు. ‘ప్లెజర్’ అనబోతే అతనికి ‘ప్లేయర్’ వచ్చేది, అందరూ అతణ్ణి క్రికెట్ ఆడమని ఏడిపించేవారు. అలహాబాద్ వాడికి ‘పెన్’కూ ‘పెయిన్’కూ మధ్య తేడా పలకడం కష్టమయ్యేది. హిందీలో మనకున్నట్టు ఎకారం పొట్టిదొకటి, పొడుగుదొకటి లేవు. ఒకారం సంగతీ అంతే. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళాలలో ఆ జంటలు ఉన్నాయి గనుక ‘టెస్టు’, ‘టేస్టు’ మాకు పుట్టుకతోనే వేరు. దక్షిణాది వాళ్లమంతా ఆ ఒక్క విషయంలో ఏకమై విర్రవీగేవాళ్లం. తిరుచ్చి పిల్లవాడు మాత్రం ఎక్కువ సేపు విర్రవీగలేకపోయేవాడు. క, గ రెంటికీ ఒకే అక్షరమున్న లిపిలో చదువుకున్నవాడు కావడంతో, అతను ‘గోల్డు’ అన్నాడో ‘కోల్డు’ అన్నాడో తేల్చడానికి ఒక్కొక్కసారి పంచాయితీ జరిగేది.

‘మ్యాపు’, ‘బ్యాంకు’ మాటలలోని అచ్చు దగ్గర మరో విశేషం బయటపడింది. ఉత్తరాది మిత్రులు దానిని ‘మైప్’, ‘బైంక్’ వైపు లాగేవారు. మేకను ‘మ్యాక’ అనీ, పేడను ‘ప్యాడ’ అనీ అనే మా వైపు నోటికి ఆ ధ్వని వేరుగా నేర్చుకోవలసిన పనే లేదు. పల్లెటూరి యాస అని హైదరాబాద్‌లో నవ్వించుకున్న ఆ పలుకే ఇంగ్లీషులో మాకు అక్కరకొచ్చింది. ఇది అమ్మకు చెబితే, ‘మరి మ్యాకను మ్యాక అనకుంట ఏమంటరురా?’ అంది.

అన్నిటికంటె బాగా గుర్తున్నది బీహారు నుంచి వచ్చిన పిల్లవాడి సంగతి. కొత్తగా వచ్చినవాడు, బిడియస్థుడు. హాస్టల్లో అతని ‘ఇస్టేషన్’, ‘ఇస్టూడెంట్’, ‘ఇస్పోర్ట్స్’ విని నవ్వని వాళ్లు లేరు. మా ఇంట్లోనూ అతను నోరు విప్పేవాడు కాదు. భోజనాలయ్యాక వరండాలో కుర్చీలో కూర్చున్న తాత అతణ్ణి దగ్గరికి పిలిచి, ‘కౌనసా ఇస్టేషన్ బేటా?’ అని అడిగాడు. పిల్లవాడు ఒక్కసారి తలెత్తి చూశాడు. ఆ తరువాత వాళ్లిద్దరూ సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. ఒకరిది దక్కనీ, మరొకరిది భోజ్‌పురి కలిసిన హిందీ. బండ్ల గురించి, పంటల గురించి, ఇస్కూళ్ల గురించి మాటలు సాగాయి. చదువుకున్న మేమంతా ‘స్టేషన్’ అనగలిగిన వాళ్లం గనుక ఆ సంభాషణలో మాకు చోటు లేకపోయింది. అతను ఆ ఏడాదంతా తాత కోసమే వచ్చేవాడని తమ్ముడు అనేవాడు.

రేడియో గురించి ఒక మాట చెప్పి సాగిపోతాను. టెస్టు మ్యాచ్‌ల రోజులలో సురేశ్ సరయ్యా, అనంత్ సెతల్వాడ్ వంటి వ్యాఖ్యాతల ఇంగ్లీషు మా వీధిలో ప్రతి కిటికీ నుంచీ వినిపించేది. అది దొరల ఇంగ్లీషు కాదు, మా సారు ఇంగ్లీషూ కాదు. చదువుకున్న భారతీయుడు తడబడకుండా, నాటకీయత లేకుండా మాట్లాడితే ఇలా ఉంటుందని మాకు మొదట తెలిసింది ఆ వ్యాఖ్యానాలలోనే.

నేను సుబేదారిలో డిగ్రీ, కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లీషు పూర్తి చేసి జూనియర్ లెక్చరర్‌నయ్యాక, 1980లలో శిక్షణ కోసం హైదరాబాద్ తార్నాక దగ్గరి సీఫెల్ అనే ఇంగ్లీషు, విదేశీ భాషల సంస్థకు వెళ్లాను. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీషుగా మొదలైన ఆ సంస్థ 2007లో ఇఫ్లూ అనే విశ్వవిద్యాలయంగా మారింది. అక్కడి భాషా ప్రయోగశాలలో చెక్క అరల మధ్య హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చుని, టేపులో వినిపించిన మాటను అనుకరించి, మన గొంతును మనమే తిరిగి వినాలి. తన గొంతు టేపులో విని నచ్చినవాడు మా బ్యాచ్‌లో ఒక్కడూ లేడు.

చిన్నప్పటి నుంచి చెవిలో పోగుపడిన వినోదానికంతా కారణాలు అక్కడ దొరికాయి. పెదవుల ముందు సన్నని కాగితం ముక్క పట్టుకుని ‘పిన్’ అనమన్నారు. ఇంగ్లీషువాడు అంటే కాగితం ఎగరాలి, మేము అంటే కదలలేదు. మాట మొదట్లో వచ్చే ప, ట, క లను వాళ్లు గాలి ఊది పలుకుతారు, మనం ఊదము. అందుకే మన ‘పిన్’ వాళ్ల చెవికి ఒక్కోసారి ‘బిన్’గా తగులుతుంది. ఖ, ఘ, ఛ, ఝ అని అక్షరమాల నిండా ఒత్తులున్న జాతికి, గాలి ఊదవలసిన ఒక్క చోట ఊదడం రాకపోవడం మాకు పెద్ద నవ్వులాటయింది. వాళ్ల ‘ట’ పై పళ్ల చిగుళ్ల మీద పుడుతుంది, మనది నాలుక మడిచి అంగిట్లో పుడుతుంది. వాళ్లకు రెండుగా ఉన్న వకారాలు మనకు ఒక్కటే. రాసిన రేఫను, అంటే రకారాన్ని, మనం ఎక్కడా వదలము, వాళ్లు సగం చోట్ల మింగేస్తారు. ఈ జాబితా రోజుల తరబడి సాగింది.

అయినా శిక్షణలో నన్ను పూర్తిగా మార్చినది ధ్వనుల పాఠం కాదు, ఊనిక పాఠం. ‘ఫోటోగ్రాఫ్’లో బలం మొదటి చోట పడుతుంది, ‘ఫొటోగ్రఫీ’లో రెండో చోటికి జరుగుతుంది. ‘హోటల్’, ‘కమిటీ’, ‘డెవలప్’ మాటలలో రెండో అక్షరం మీద ఊనాలి. ఊనిక పడని అక్షరాలను ఇంగ్లీషువాడు సగం మింగి, ఊనిన దాని మీదే నిలబడతాడు. వినేవాడు కూడా ఆ నిలబడిన చోట్లనే పట్టుకుని అర్థం చేసుకుంటాడు. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వంతు కాలం దాని కివ్వాలి, లేకపోతే ఛందస్సే చెడిపోతుంది. మనం ఇంగ్లీషుకూ అదే న్యాయం చేస్తాం. బెంగాలీ భకారం, మలయాళీ బకారం, మా తాత ఇకారం ఇవన్నీ వినేవాడు ఒక నిమిషంలో సర్దుకుంటాడు. ఊనిక తప్పిన మాట మాత్రం అతనికి మాటగానే అందదు. తిరిగి వచ్చాక నేను పిల్లల యస్సులనూ యమ్ములనూ దిద్దడం మానేసి, ఊనిక ఒక్కటే చెప్పాను. దీనిపై తోటి లెక్చరర్లతో నాకు చాలా వాదనలు జరిగాయి. ఇప్పటికీ నా మాట మీదే నేను నిలబడతాను.

అప్పుడు అక్కడి పాఠాలకు కొలమానం దక్షిణ ఇంగ్లండు విద్యావంతుల ఉచ్చారణ. దానిని బ్రిటన్‌లోనే చాలా కొద్దిమంది మాట్లాడతారని మా అధ్యాపకులే చెప్పేవారు. అదే సంస్థలో పనిచేసిన ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు ఎవరికి ఎంత అర్థమవుతుందన్న దాని మీద పరిశోధన చేసి, ప్రాంతీయ యాసలు మరీ ముదరని ఒక సామాన్య భారతీయ ఉచ్చారణను వర్ణించారు. కాజీపేట కుర్రవాడికి అందుబాటులో ఉన్న గమ్యం అదేనని నాకు అప్పుడే తోచింది.

ఆ గమ్యం ఎలా ఉంటుందో 1991 తరువాత దేశమంతా విన్నది. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగి, హనుమకొండలో చదువుకున్న పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయ్యారు. ఆయన ఇంగ్లీషు మెల్లగా, అక్షరం అక్షరం విడిగా, గొంతు పెంచకుండా సాగేది. 1994లో అమెరికా కాంగ్రెస్ ఉభయ సభల సమావేశంలో మాట్లాడినప్పుడు కూడా ఆయన గొంతులో అమెరికా చేరలేదు. అందులో దొర లేడు, తెలుగు పల్లె దాగనూ లేదు. ఎన్నో భాషలు తెలిసిన మనిషి కావడం వల్ల ఏ భాషకూ ఇంకో భాష వేషం వేయవలసిన అవసరం ఆయనకు కలగలేదేమో. మా స్టాఫ్ రూములో ఆయన రాజకీయాలను తిట్టేవాళ్లు కూడా ఆ ఉచ్చారణను పాఠంగా వాడుకున్నారు.

2000 తరువాత నా విద్యార్థులలో కొందరు హైదరాబాద్ కాల్ సెంటర్లలో చేరారు. అక్కడ వాళ్లకు మొదట చెప్పిన మాట ‘ఎంటీఐ’, అంటే మాతృభాష ప్రభావం. దానిని రోగం పేరులా చెప్పేవారట. జనగామ పిల్లవాడొకడు రాత్రిపూట పేరు మార్చుకుని, యస్‌ను ఎస్ చేసుకుని, రేఫలను నాలుక మడిచి పలుకుతూ అమెరికా వాళ్ల బ్యాంకు కష్టాలు తీర్చేవాడు. పండక్కి ఊరికి వచ్చినప్పుడు ఫోనులో ఆ గొంతు విని వాళ్ల నాయనమ్మ, ‘గా లోపల ఇంకెవడో ఉన్నడు’ అన్నదని చెప్పి తనే నవ్వాడు. అతని ఊనిక బాగుండేది. ఆ మేరకు నేను సంతోషించాను.

ఉద్యోగ విరమణ తరువాత మా దగ్గరి ప్రభుత్వ బడికి అప్పుడప్పుడు వెళ్లి కూర్చుంటున్నాను. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మీడియం మొదలై, ఒక పుట తెలుగులో, ఎదుటి పుట ఇంగ్లీషులో అచ్చయిన పుస్తకాలు వచ్చాయి. పిల్లలలో ఒక్కరైనా ‘ఇస్కూలు’ అనడం లేదు. తాతల ఉర్దూ ఇళ్లలోంచి వెళ్లిపోయింది, దానితో పాటే ఆ ఇకారమూ పోయింది. గాలితో పలికే జకారం, పెదవి తాకే ఫకారం కూడా చాలామంది నోళ్లలోంచి పోయాయి. బస్సూ, పెన్నూ మాత్రం ఒత్తులతో సహా క్షేమంగా ఉన్నాయి. వాటితో పాటు, సెల్‌ఫోనులోని పిల్లల పాటల నుంచి వచ్చిన అమెరికా రేఫ ఒకటి కొత్తగా చేరింది. మూడో తరగతి పాప ‘వాటర్’లోని టకారాన్ని డకారం చేసి, చివరి రేఫను న్యూజెర్సీలో పుట్టినదానిలా మడుస్తుంది, వెంటనే ‘బాటిలు’ అని ఉకారంతో ముగిస్తుంది.

ఆ పాటల వల్లే మొన్న ఒక చిక్కు వచ్చింది. చివరి అక్షరాన్ని అమెరికా వాళ్లు ‘జీ’ అంటారు. గాలి జకారం పోయిన నోటికి, ఏడో అక్షరమైన ‘జీ’కీ దానికీ తేడా లేదు. పాప లేచి ‘జూ’ స్పెల్లింగు ‘జీ ఓ ఓ’ అని చెప్పింది. బోర్డు దగ్గర నిలబడ్డ పిల్లవాడు ఏడో అక్షరమే రాశాడు. టీచరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆ రోజు నుంచి తన తరగతిలో చివరి అక్షరాన్ని ‘జెడ్’ అనే అనాలని ఆజ్ఞ వేసింది. బడిలో అందరూ ‘జెడ్’ అంటున్నారు. ఇంటికి పోయి ఫోనుతో పాటు పాడేటప్పుడు మాత్రం ‘జీ’ అంటున్నారు, లేకపోతే పాటలో ప్రాస కుదరడం లేదట.